విరేచనాలు, యాంటీబయాటిక్స్, పేగులోని సూక్ష్మజీవులు: మీ ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. సంక్రాంతి సెలవులకు అల్లూరులోని మా పుట్టింటికి వెళ్లినప్పుడు వాడికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. అక్కడి ఆర్‌ఎంపీ ఒక సూది వేసి, ఐదు రోజులకు యాంటీబయాటిక్ సిరప్ రాసిచ్చారు. రెండో రోజుకే తగ్గింది. కొన్నాళ్లకు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి జ్వరం కూడా వచ్చింది. ఆ మందు వల్ల పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, చెడ్డ బ్యాక్టీరియాకు దారి దొరికిందని మా ఆడపడుచు అంటోంది. ఆమె బీఎస్సీ మైక్రోబయాలజీ చదివింది. ఇది శాస్త్రం తేల్చిన విషయమేనా, లేక మాటవరసకు అనేదేనా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, మీ ఆడపడుచు చెప్పినది శాస్త్రం తేల్చిన విషయమే. అయితే మీ బాబుకు రెండోసారి విరేచనాలు కావడానికి అదే కారణమని ఇక్కడ కూర్చుని చెప్పడం న్యాయం కాదు. నీళ్లు మారడం వల్ల కావచ్చు, మరో వైరస్ వల్ల కావచ్చు. అందువల్ల ఆ సంగతి మీ పిల్లల వైద్యునికి వదిలి, మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను.

దీనికి తొలి గట్టి రుజువు 1954లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. మార్జొరీ బోన్‌హాఫ్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఎలుకల నోటి ద్వారా, పేగుజబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను ఇచ్చి చూశారు. మామూలు ఎలుకలలో సగం వాటికి ఆ బ్యాక్టీరియా అంటుకోవాలంటే సుమారు ఒక లక్ష కణాలు కావలసి వచ్చింది. ముందుగా ఒక్క మోతాదు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ తాగించిన ఎలుకలకు మాత్రం పది కణాల కంటే తక్కువే సరిపోయాయి. వాళ్లు వాడిన సాల్మొనెల్లా స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని రకం. అంటే ఆ మందు శత్రువును ముట్టుకోలేదు, పేగులో అప్పటికే కాపురమున్న బ్యాక్టీరియాను మాత్రమే చెదరగొట్టింది. ఆ ఒక్క మార్పుతోనే ఎలుక రక్షణ అన్ని వేల రెట్లు పడిపోయింది. నారు దట్టంగా పట్టిన మడిలో కలుపు తలెత్తలేదు గాని, నారు చచ్చిన చోట అదే ముందు మొలుస్తుందన్న సంగతి మన డెల్టా రైతులకు చెప్పనక్కరలేదు.

ఆ రక్షణ ఎలా పనిచేస్తుందన్నది తేలడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. ఇందులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ ప్రాంగణంలో పనిచేసే ఆండ్రియాస్ బోయిమ్లర్ బృందం చేసిన పరిశోధన నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. మన పెద్దపేగులో ప్రాణవాయువు దాదాపుగా ఉండదు. అక్కడి బ్యాక్టీరియాలో అత్యధిక భాగం ప్రాణవాయువు లేకుండానే, మనం తిన్న పీచుపదార్థాన్ని పులియబెట్టుకుని బతుకుతాయి. ఆ పులియబెట్టడంలో బ్యూటిరేట్ అనే ఆమ్లం పుడుతుంది. పేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. అవి దానిని దహించుకునేటప్పుడు రక్తం నుంచి వచ్చే ప్రాణవాయువును వాడేసుకుంటాయి, కనుక పేగు లోపలికి అది చేరదు. యాంటీబయాటిక్ వల్ల బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా తగ్గిపోతే ఈ ఏర్పాటంతా తారుమారవుతుంది. గోడ కణాలు ప్రాణవాయువును వాడుకోవడం తగ్గిస్తాయి, మిగిలినది పేగులోకి ఊరుతుంది, దానిని వాడుకోగల సాల్మొనెల్లా వంటివి విజృంభిస్తాయి.

అదే బృందం 2010లో మరొక విషయం కనిపెట్టింది. సాల్మొనెల్లా పేగు గోడలోకి చొరబడగానే మన తెల్లరక్తకణాలు దానిని చంపడానికి తీవ్రమైన రసాయనాలను విడుదల చేస్తాయి. పేగులో సహజంగా ఉండే ఒక గంధక పదార్థం ఆ రసాయనాల తాకిడికి టెట్రాథయోనేట్‌గా మారుతుంది. మిగిలిన బ్యాక్టీరియాలో చాలావాటికి అది పనికిరాదు. సాల్మొనెల్లా మాత్రం ప్రాణవాయువుకు బదులు దానితోనే శ్వాసించి, తక్కిన వాటిని దాటి పెరుగుతుంది. మనం చేసే ప్రతిఘటననే అది తన ఎదుగుదలకు వాడుకుంటుందన్నమాట. మలపరీక్ష ప్రయోగశాలలలో పనిచేసినవారికి టెట్రాథయోనేట్ కొత్త పేరు కాదు. అడుగున సుద్దపొడి తెల్లగా పేరుకుని ఉండే ఆ ద్రావణంలో, వాడేరోజునే అయోడిన్ కలిపి మలం నమూనా వేస్తాము. తక్కిన బ్యాక్టీరియా అణగిపోయి సాల్మొనెల్లా మిగులుతుంది. 1923 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి అది. ప్రయోగశాల సీసాలో జరిగేదే రోగి పేగులోనూ జరుగుతోందని తెలియడానికి మాత్రం ఎనభై ఏళ్లు దాటింది.

మనుషులలో దీనికి నిదర్శనం క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలీ అనే బ్యాక్టీరియా తెచ్చే మొండి విరేచనాలు. చాలావరకు ఇవి యాంటీబయాటిక్స్ వాడిన తరువాతే వస్తాయి. వీటితో పదేపదే బాధపడుతున్న రోగులకు నెదర్లాండ్స్ వైద్యులు ఆరోగ్యవంతుల మలం నుంచి తయారుచేసిన ద్రావణాన్ని ముక్కు గుండా వేసిన గొట్టం ద్వారా చిన్నపేగులోకి పంపారు. 2013లో వెలువడిన ఆ ఫలితాలలో, ఒక్కసారి ఇవ్వగానే 16 మందిలో 13 మందికి నయమైంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే తీసుకున్న 13 మందిలో నయమైనది నలుగురికే. వినడానికి రోతగా ఉండవచ్చు గాని, పోగొట్టుకున్న బ్యాక్టీరియాను తిరిగి ఇవ్వడమే వైద్యం అని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం మరొకటి లేదు.

ఇక మీకు పనికివచ్చే మాట. పిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాలలో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు, రెండు మూడు రోజులలో వాటంతటవే తగ్గుముఖం పడతాయి. రెండో రోజు తగ్గిన ఘనత ఆ సిరప్‌కు చెందకపోవచ్చు. అయితే విరేచనంలో రక్తం పడినా, కలరా అని అనుమానం ఉన్నా, టైఫాయిడ్ అని రక్తపరీక్షలో తేలినా యాంటీబయాటిక్ తప్పనిసరి. అప్పుడు వైద్యుడు చెప్పినన్ని రోజులూ వాడాలి, మధ్యలో మానరాదు. పేగు బ్యాక్టీరియా మీద మమకారంతో అవసరమైన మందును కూడా వద్దనడం, అనవసరమైన మందును మింగించడం కంటే పెద్ద ప్రమాదం.

ప్రశ్న: మా ఊళ్లో ఎవరికి విరేచనాలైనా సెలైన్ ఎక్కిస్తేనే నమ్ముతారు. ఓఆర్‌ఎస్ పొట్లం ఇస్తే “ఈ ఉప్పునీళ్లతో ఏమవుతుంది?” అని పక్కన పెడతారు. నేను ఆశా కార్యకర్తను. ఈ పొట్లం వెనుక ఉన్న పరిశోధన ఏమిటో వివరంగా చెబితే మావాళ్లకు చెప్పుకుంటాను.
– ఒక పాఠకురాలు, చీమకుర్తి మండలం

సమాధానం: ఇది పూర్తిగా మన దేశంతో ముడిపడిన కథ, కాబట్టి మీవాళ్లకు తప్పక చెప్పండి. కలరా బ్యాక్టీరియాను 1884లో కలకత్తాలోనే రాబర్ట్ కాక్ నిర్ధారించాడు. అది మనిషిని ఎలా చంపుతుందన్నది మాత్రం ఆ తరువాత డెబ్బై ఏళ్లపాటు తెలియలేదు. శంభునాథ్ డే అనే బెంగాలీ వైద్యుడు కుందేలు చిన్నపేగులో ఒక భాగాన్ని రెండువైపులా దారంతో ముడివేసి, అందులోకి కలరా బ్యాక్టీరియాను ఎక్కించి చూస్తే, మర్నాటికి ఆ భాగం నీళ్లతో ఉబ్బిపోయింది. 1959లో ఆయన మరో అడుగు వేసి, బ్యాక్టీరియాను పూర్తిగా వడకట్టి తీసివేసిన ద్రవం కూడా అదే పని చేస్తుందని చూపాడు. చంపేది బ్యాక్టీరియా విడిచే విషం, ఆ విషం పేగు చేత నీళ్లు కక్కిస్తుంది, ఆ నీళ్లు పోవడమే చావుకు కారణం అని దానితో తేలింది. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించారు కూడా. అంతటి మనిషి పేరు మన పాఠ్యపుస్తకాలలో ఎక్కడో ఒక మూలనైనా కనిపించకపోవడం నన్ను బాధిస్తుంది.

పోయిన నీళ్లను నోటి ద్వారా తిరిగి ఇస్తే నిలుస్తాయా అన్నది తరువాతి ప్రశ్న. వట్టి ఉప్పునీళ్లు నిలవవు. చిన్నపేగు గోడలో గ్లూకోజును, సోడియాన్ని జంటగా లోపలికి లాగే ఒక ద్వారం ఉందని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. ఆ రెండింటి వెంట నీళ్లు వస్తాయి. కలరా విషం పేగును ఎంత అల్లకల్లోలం చేసినా ఈ ద్వారం మాత్రం చెక్కుచెదరదు. పొట్లంలో ఉప్పుతోపాటు చక్కెర ఉండడానికి కారణం రుచి కాదు, ఇదే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో సరిహద్దు పట్టణమైన బన్‌గావ్‌లోని శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలకత్తాలో గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూకం వేయించి, ప్లాస్టిక్ సంచులలో పోసి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి, శిబిరానికి తెప్పించారు. డ్రమ్ములలో కలిపి, బంధువుల చేతనే రోగులకు తాగించారు. అంతకు ముందు నూటికి 30 మంది వరకు చనిపోతున్న చోట మరణాలు నూటికి 3.6కు దిగివచ్చాయి. చదువుకున్న నర్సు లేకపోయినా, తల్లి చేతిలో గ్లాసు ఉంటే బిడ్డను బతికించుకోవచ్చని ప్రపంచానికి తెలిసింది అక్కడే. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇప్పటి పొట్లాన్ని పూర్తిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం పొట్లం సగం నీళ్లు అని కంటి అంచనాతో కలపవద్దు, ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రమాదం. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత పావు నుంచి అర గ్లాసు, అంతకంటే పెద్ద పిల్లలకు అర నుంచి ఒక గ్లాసు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. దానితోపాటు జింక్ బిళ్ల 14 రోజులు వాడాలి, ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆ లోపువారికి 10. అంగట్లో అట్టపెట్టెలలో అమ్మే తియ్యని పానీయాలు పొట్లానికి ప్రత్యామ్నాయం కావు. వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకుపోయినా, ఏమీ తాగలేకపోయినా అప్పుడు సెలైన్ కావాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపండి.

ప్రశ్న: నాకు ఇందుకూరుపేట మండలంలో వనామి రొయ్యల గుంటలు ఉన్నాయి. విబ్రియో బ్యాక్టీరియా రాకుండా, మేలుచేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ పొడిని బెల్లం నీళ్లలో పులియబెట్టి గుంటల్లో చల్లుతాము, మేతలో కూడా కలుపుతాము. ఈ మధ్య మా ఆవిడకు కడుపు బాగాలేదంటే మెడికల్ షాపులో ప్రోబయాటిక్ గొట్టాలు ఇచ్చారు. గుంటలో పనిచేసే సూత్రమే మనిషి పేగులోనూ పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

సమాధానం: మీ ప్రశ్నలో మీరు అనుకున్న దానికంటే ఎక్కువ శాస్త్రం ఉంది. 2009 తరువాత ఆసియా దేశాలలో రొయ్యల సాగును దెబ్బతీసిన, పిల్ల రొయ్యలు తొందరగా చచ్చిపోయే ఈఎంఎస్ జబ్బుకు కారణం విబ్రియో పారాహీమోలిటికస్ అని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ లైట్‌నర్ బృందం గుర్తించింది. కలరా బ్యాక్టీరియాకు ఇది దగ్గరి చుట్టం, ఇదీ విషం ద్వారానే పనిచేస్తుంది. ఇదే జాతిలోని వేరే రకాలు మనిషికి కూడా, పచ్చిగా లేదా సగం ఉడికిన రొయ్యల ద్వారా విరేచనాలు తెస్తాయి. మీరు క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ మందుల జోలికి పోకుండా ప్రోబయాటిక్‌ల వైపు మళ్లడం, రొయ్య ఎగుమతికే కాక మీ ఊరి ఆరోగ్యానికి కూడా మేలు. గుంటలో పోసిన మందు గుంటలోనే ఉండదు, కాలువలోకి పోతుంది, అక్కడి బ్యాక్టీరియాకు ఆ మందును తట్టుకోవడం నేర్పుతుంది.

మనిషి విషయానికి వస్తే, ఇక్కడ ఫలితాలు రెండు రకాలుగా ఉన్నాయి, రెండింటినీ మీ ముందు పెట్టడం నా బాధ్యత. మొదటిది మన పక్కనున్న ఒడిశాలో జరిగింది. పినాకి పాణిగ్రాహి బృందం 149 గ్రామాలలో 4,556 మంది నవజాత శిశువులను తీసుకుని, సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాలోని ఒక ఎంపిక చేసిన రకాన్ని, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరతో కలిపి ఏడు రోజులపాటు ఇచ్చింది. మిగిలినవారికి మందులేని పొడి ఇచ్చింది. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం రెండు నెలలలోపు రక్తానికి విషం ఎక్కే సెప్సిస్, మరణం కలిపి మందులేని పొడి తీసుకున్నవారిలో నూటికి 9 ఉండగా, బ్యాక్టీరియా తీసుకున్నవారిలో 5.4 మాత్రమే. తల్లిపాలు తాగుతున్న, రెండు కిలోలకు తగ్గని బరువున్న బిడ్డలలో వచ్చిన ఫలితం ఇది.

రెండోది, 2018లో అమెరికాలో ఒకటి, కెనడాలో ఒకటి జరిగిన పెద్ద ప్రయోగాలు. విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన పిల్లలకు, అంగట్లో పేరున్న లాక్టోబాసిల్లస్ ఉత్పత్తులు ఐదు రోజులు ఇచ్చి చూస్తే, మందులేని పొడి కంటే ఏ విధమైన మేలూ కనిపించలేదు. అమెరికా ప్రయోగంలో 971 మంది, కెనడాలో 886 మంది పిల్లలు పాల్గొన్నారు. ఇవి తీసిపారేయగల అంకెలు కావు.

రెండూ నిజమే. ఒక రకం బ్యాక్టీరియా, ఒక వయసు, ఒక జబ్బు, వీటికి సంబంధించి వచ్చిన ఫలితాన్ని ఇంకో రకానికి, ఇంకో వయసుకు, ఇంకో జబ్బుకు అంటగట్టడం కుదరదు. పైగా మీరు గుంటను ఎండగట్టి, సున్నం చల్లి, కొత్త నీళ్లు పెట్టాక బ్యాక్టీరియాను దింపుతారు, అక్కడ వాటికి పోటీ తక్కువ. పుట్టి ఒకటి రెండు రోజులైన శిశువు పేగు కూడా దాదాపు అలాగే ఖాళీగా ఉంటుంది, ఒడిశా ఫలితానికి అది ఒక కారణం కావచ్చని నా అభిప్రాయం. మీ శ్రీమతి గారి పేగులో మాత్రం ఏళ్ల తరబడి కాపురమున్న బ్యాక్టీరియా ఉంది. డెబ్బై కిలోల మనిషిలో వాటి సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన రాన్ మిలో బృందం లెక్కకట్టింది. గొట్టంలో వచ్చే కొన్ని వందల కోట్లు ఆ గుంపులో నిలదొక్కుకోవడం కష్టం, చాలావరకు కొద్ది రోజులలో బయటికి పోతాయి. ఆమెకు ఉన్న బాధ ఏమిటో ముందు తేల్చుకోండి. ఉన్న బ్యాక్టీరియాకే మేత పెట్టాలంటే శనగలు, పెసలు, అలసందలు, ఆకుకూరలు, అరటికాయ, పొట్టు తీయని ధాన్యం, వీటిలోని పీచుకు మించినది లేదు. ఢాకా మురికివాడలలో పోషకలోపమున్న పసివారి కోసం జెఫ్రీ గోర్డన్, తహ్మీద్ అహ్మద్ బృందాలు రూపొందించిన ఆహారంలో శనగపిండి, వేరుశనగ, సోయా, పచ్చి అరటి ఉన్నాయి. 2021 నాటి ప్రయోగంలో, అంతకంటే ఎక్కువ కెలోరీలున్న మామూలు పోషకాహారం తిన్న పిల్లల కంటే ఇది తిన్నవారే బాగా బరువు పెరిగారు. వాటిలో ఏదీ మన ప్రాంతంలో దొరకనిది కాదు.

ప్రశ్న: యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులు పేగుజబ్బుతో చనిపోయారని, ఆ జబ్బుకు ఆయన మందే కనిపెట్టారని మా లెక్చరర్ చెప్పారు. అది ఏ జబ్బు? ఇప్పటికీ ఉందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

సమాధానం: మీ లెక్చరర్ గారు చెప్పింది నిజం. ఆ జబ్బు ట్రాపికల్ స్ప్రూ, మన పెద్దలు సంగ్రహణి అనే జబ్బులలో ఇదీ చేరేది. నెలల తరబడి విరేచనాలు, మలంలో కొవ్వు పోవడం, నాలుక పుండు పడడం, మనిషి ఎండిపోవడం దీని లక్షణాలు. సుబ్బారావు గారి ఇద్దరు సోదరులు దీనితో కొద్ది రోజుల తేడాలో పోయారు, ఆయన కూడా దీని బారిన పడి, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తరువాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన సారథ్యంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లాన్ని స్ప్రూ రోగులకు ఇస్తే రక్తహీనత తగ్గి, ఆకలి తిరిగివచ్చింది. 1948లో అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్, ఈ రెండూ కలిపి కొన్ని నెలలు వాడడమే నేటికీ ఈ జబ్బుకు చికిత్స. 1948 ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఈ జబ్బు మీద ప్రపంచంలో జరిగిన ముఖ్యమైన పరిశోధనలో చాలా భాగం మనవాళ్లు వైద్యానికి వెళ్లే రాయవేలూరులోనే జరిగింది. 1960లలో ఉత్తర ఆర్కాటు పల్లెలలో ఇది ఊళ్లకు ఊళ్లనే పట్టుకున్నప్పుడు సెల్విన్ బేకర్, వి.ఐ. మాథన్ ఇంటింటికీ తిరిగి రోగులను పరిశీలించారు. రోగుల చిన్నపేగులో, మామూలుగా అంతగా ఉండని కోలిఫార్మ్ బ్యాక్టీరియా స్థిరపడి, పేగు లోపలి వేళ్లవంటి ముడుతలు అరిగిపోతాయి. ఒక్క బ్యాక్టీరియాను దోషిగా నిలబెట్టలేని జబ్బు ఇది, అందుకే పరిశోధకులకు ఇది పెద్ద పాఠం అయింది. ఇప్పుడు బాగా అరుదైపోయింది గాని, మాయం కాలేదు. మూడు నాలుగు వారాలు దాటిన విరేచనాలతో బరువు తగ్గుతుంటే జీర్ణకోశ వైద్యుని చూడాలి.

ప్రశ్న: మా అవ్వ పాత చీర గుడ్డ మడతపెట్టి నీళ్లు వడకట్టేది. దానికి ఏమైనా అర్థం ఉందా?
– ఒక పాఠకురాలు, కొత్తపట్నం

సమాధానం: ఉంది. కలరా బ్యాక్టీరియా కళ్లకు కనిపించనంత చిన్నది, గుడ్డలో ఆగదు. అయితే సముద్రం, ఏరు కలిసే చోట అది నీటిలోని అతి చిన్న రొయ్యజాతి జీవులను అంటిపెట్టుకుని, ఒక్కో దాని మీద వేలకొద్దీ ఉంటుందని రీటా కోల్వెల్ అనే అమెరికా శాస్త్రవేత్త దశాబ్దాలపాటు శ్రమించి చూపారు. ఆ జీవులు గుడ్డలో ఆగుతాయి. ఆమె బృందం బంగ్లాదేశ్‌లోని మత్లబ్ పల్లెలలో పాత నూలు చీరను కనీసం నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టించగా, కలరా కేసులు నూటికి 48 వంతులు తగ్గాయి. 2003లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. కొత్త చీర కంటే పాతదే మేలు, ఉతికి ఉతికి నూలు పోగులు చీలి, సందులు చిన్నవవుతాయి. వడకట్టాక ఆ గుడ్డను మంచి నీళ్లతో జాడించి ఎండలో ఆరవేయాలి. టైఫాయిడ్, జిగట విరేచనాల బ్యాక్టీరియాకు, వైరస్‌లకు ఇది అడ్డు కాదు, కనుక వడకట్టిన నీళ్లను తెర్లేదాకా కాచుకోండి, లేదా తుపాను, వరదల సమయంలో పంచాయతీవారు ఇచ్చే క్లోరిన్ బిళ్లను పొట్లం మీది కొలత ప్రకారం వేసి, అరగంట ఆగి తాగండి.